మాయ వాడకుండానే కట్టేసిన ఇల్లు

జెస్సికా జోన్స్ మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్‌లో చెప్పుకోదగ్గ ఫైటింగ్ ఏమీ ఉండదు. ఎక్కువ భాగం ఒక ఇల్లు, అందులో ఒక ఆడమనిషి, ఒక మగవాడు, వాళ్లకు వండి వడ్డించే ఇద్దరు పనివాళ్లు, అంతే. సూపర్‌హీరో సిరీస్ కదా అని కూర్చున్నవాళ్లకు ఇదేంది ఇంత నిదానం అనిపిస్తుంది. కర్నూలులో ఏ హాస్టల్ గదిలోనో ఒక ల్యాప్‌టాప్ చుట్టూ నలుగురైదుగురు చేరి చూస్తుంటే సరిగ్గా ఇక్కడే ఎవరో ఒకరు అడిగేస్తారు: "కారు వెనక భాగాన్ని చేత్తో ఎత్తి ఆపేసింది కదరా, అంత బలం పెట్టుకుని వాణ్ని ఒక్కటి పీకకుండా ఆ ఇంట్లో ఎందుకు కూచుంది?"

సిరీస్ గురించి అడిగినట్టే ఉంటుంది గానీ, మన చుట్టూ ఉన్న ఆడవాళ్లను మనం అడిగే ప్రశ్న కూడా ఇదే. ఎందుకు పారిపోలేదు, ఎందుకు అరవలేదు, అప్పుడే ఎందుకు చెప్పలేదు. ఈ ఎపిసోడ్ ఆ ప్రశ్నకు చాలా ఓపికగా జవాబు చెబుతుంది, అందుకే మొదటి సీజన్ మొత్తంలో ఇదే గట్టి ఎపిసోడ్. కథ దాచిపెట్టి దీని గురించి మాట్లాడటం కుదరదు, కాబట్టి ఇంకా చూడనివాళ్లు చూసొచ్చి చదవడం మంచిది.

ముందు కొంచెం నేపథ్యం. మొదటి సీజన్ 2015 నవంబర్ 20న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 13 ఎపిసోడ్లూ ఒకేరోజు. సిరీస్‌ను తీర్చిదిద్దింది మెలిసా రోజెన్‌బర్గ్. జెస్సికాగా క్రిస్టెన్ రిట్టర్, విలన్ కిల్‌గ్రేవ్‌గా డేవిడ్ టెనెంట్ చేశారు. దీనికి మూలం 2001లో మొదలై 28 సంచికలు నడిచిన ఏలియస్ అనే మార్వెల్ కామిక్. రాసింది బ్రయన్ మైకేల్ బెండిస్, బొమ్మలు వేసింది మైకేల్ గేడోస్. విలన్ మాత్రం అంతకంటే చాలా పాతవాడు, 1964లోనే డేర్‌డెవిల్ కామిక్‌లో కనబడ్డాడు, అక్కడ వాడి ఒళ్లంతా ఊదా రంగు. సిరీస్‌లో ఒంటికి రంగు పూయకుండా, ఆ ఊదాను వాడి సూట్లకూ, వాడు గుర్తొచ్చినప్పుడల్లా గోడల మీద పడే వెలుతురుకూ ఇచ్చారు. ఇది చాలా ఆలోచించి చేసిన మార్పు. ఒంటిరంగే వేరుగా ఉంటే రాక్షసుణ్ని వీధి మొదట్లోనే గుర్తుపట్టొచ్చు. ఇస్త్రీ మడత చెదరని సూటు వేసుకుని, నవ్వుతూ, కుర్చీ జరిపి కూర్చోమని మర్యాద చేసే మనిషిని ఎట్లా గుర్తుపడతారు?

జెస్సికా న్యూయార్క్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. భర్త ఎవరితో తిరుగుతున్నాడో, భార్య ఎవరిని కలుస్తోందో ఫొటోలు తీసివ్వడం, కోర్టు కాగితాలు అందించడం, ఇట్లాంటివి ఆమె పనులు. మన దేశంలో ఈ వృత్తికి ఇప్పటికీ సొంత చట్టం లేదు, 2007లో రాజ్యసభలో ఒక బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు. కర్నూలు లాంటి ఊళ్లో అయితే సంబంధం వచ్చినప్పుడు పిల్లోడి గురించి ఆరా తీసేది డిటెక్టివ్ కాదు. వాళ్ల వీధి చివర టీ అంగడాయన, పిల్ల మేనమామ, పిల్లోడి ఆఫీసులోనే పనిచేసే తెలిసినాయన ఎవరో ఒకరు. ఆ ఆరాలో జీతం తేలుతుంది, ఆస్తి తేలుతుంది, తాగుడు ఉంటే అదీ తేలుతుంది. తలుపు వేసుకున్నాక వాడు భార్యతో ఎట్లా మాట్లాడతాడన్నది మాత్రం ఎప్పుడూ తేలదు. ఈ ఎపిసోడ్ ఆ తలుపు లోపలే నడుస్తుంది.

కిల్‌గ్రేవ్‌కు ఉన్న శక్తి ఒక్కటే, మాట. వాడు చెప్తే ఎదుటివాళ్లు చేసేస్తారు. గోడకేసి తల కొట్టుకోమంటే కొట్టుకుంటారు, కన్నబిడ్డను రోడ్డు పక్కన వదిలేసి రమ్మంటే వదిలేసి వస్తారు. వాడి ఒంటి నుంచి వెలువడే ఒక రకం వైరస్ గాలిలో కలిసి పక్కనున్నవాళ్లను పట్టుకుంటుందని, అందుకే ఫోన్లో చెప్తే పనిచేయదని, ప్రభావం దాదాపు 12 గంటలు ఉంటుందని సీజన్ నడిచేకొద్దీ తెలుస్తుంది. సీమలో పుట్టి పెరిగినవాళ్లకు ఇది మరీ వింతగా తోచదు. "ఆయన మాటంటే మాటే" అని చెప్పుకునే మనుషుల కాలం ఇక్కడ ఒకటి గడిచింది, కొన్ని ఊళ్లలో ఇంకా పూర్తిగా గడవలేదు. అట్లాంటి మనిషి ఎదురుగా నిలబడి తలూపి, ఇంటికొచ్చాక మంచం పట్టె మీద కూర్చుని "నేనెందుకు సరే అన్నానో నాకే తెలీదు" అని తల పట్టుకున్నవాళ్లకు ఏ వైరస్సూ సోకలేదు. అయినా నోటి నుంచి కాదన్న మాట రాలేదు.

జెస్సికా ఒకప్పుడు నెలల తరబడి ఈ మాట కింద బతికింది. వాడు వేసుకోమన్న బట్టలు వేసుకుంది, నవ్వమంటే నవ్వింది, పడక మీద కూడా వాడి ఇష్టమే జరిగింది. తర్వాత తప్పించుకుంది. వాడు చచ్చాడనుకుంది. చావలేదు. మళ్లీ వచ్చి ఆమె చుట్టూ ఉన్నవాళ్లను ఒక్కొక్కరిగా వాడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె పక్కింట్లో ఉండే మాల్కమ్ అనే కుర్రాణ్ని మత్తుమందుకు బానిసను చేసి, రోజూ ఆమె ఫొటోలు దొంగచాటుగా తీయించాడు. ఆ కుర్రాణ్ని వదిలేస్తే చాలని, రోజూ ఒక టైముకు తనే తన ఫొటో తీసి వాడికి పంపడానికి ఒప్పుకుంటుంది జెస్సికా. నవ్వుతూ దిగాలి, అదీ షరతు. ఈ ఒక్క ముక్క చూసినప్పుడు ఇక్కడి కాలేజీ పిల్లలు గమ్మున అయిపోతారు. "ఒక్క ఫొటో పంపు, అంతే, ఇంకేం అడగను" అన్న మెసేజీ ఎట్లా ఉంటుందో, పంపకపోతే ఆ తర్వాతి మెసేజీ ఎట్లా ఉంటుందో వాళ్లకు ఎవరూ వివరించి చెప్పాల్సిన పని లేదు.

ఎనిమిదో ఎపిసోడ్‌కు వచ్చేసరికి తన వల్ల ఇంకెవరూ చావకూడదని, జెస్సికా తనంతట తానే వాడి దగ్గరికి వెళుతుంది. వెళ్లిన చోటు ఆమె చిన్నప్పటి ఇల్లు.

ఇక్కడ ఆగి ఆ ఇంటిని చూడాలి. జెస్సికా అమ్మ, నాన్న, తమ్ముడు ఆమె చిన్నప్పుడే కారు ప్రమాదంలో పోయారు. ఇల్లు వేరేవాళ్ల చేతికి పోయింది. కిల్‌గ్రేవ్ ఆ ఇంటిని కొని, పాత ఫొటోలు పట్టుకుని వెతికి వెతికి, అచ్చం అప్పటిలాగే చేయించి పెట్టాడు. ఆమె గదిలో గోడ మీద ఆ కాలం పోస్టర్లు, ఆమె విన్న పాటల సీడీలు, అదే మంచం. మంచం మీద ఒక ఊదా రంగు గౌను, రాత్రి భోజనానికి వేసుకోమని. గుమ్మంలో నిలబడిన ఆమె ముఖంలో ఒక్క క్షణం కోపం ఉండదు, భయం కూడా ఉండదు. పిల్ల ముఖం అవుతుంది. క్రిస్టెన్ రిట్టర్ నటనలో ఎక్కువమంది తర్వాత వచ్చే గొడవ సీను గురించి మాట్లాడతారు గానీ, ఈ గుమ్మం దగ్గరి క్షణమే అంతకంటే కష్టం.

కర్నూలువాళ్లకు ఈ సీను తగిలే తీరు వేరు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీ మునిగిన రోజు ఇళ్లు వదిలి మిద్దెలెక్కినవాళ్లు ఆ తర్వాత దిగి వచ్చి చూసుకున్నది మనుషుల్నీ గోడల్నీ మాత్రమే కాదు. బీరువాలో అడుగున పెట్టిన పెళ్లి ఆల్బమ్ బురదనీళ్లు తాగి ఉబ్బిపోయి, అట్ట పట్టుకుని తెరిస్తే పేజీకి పేజీ అతుక్కుని, విడదీయబోతే ముఖాల దగ్గరే రంగు ఊడి వచ్చేది. ఎండలో ఆరేసినా ఆ ముఖాలు తిరిగి రాలేదు. అట్లా పోయిన ఇంటిని ఎవరో వచ్చి, కడప బండల మీద గచ్చు మరకతో సహా, పడసాలలో గూట్లో పెట్టిన దేవుడి పటంతో సహా మళ్లీ నిలబెట్టి, తాళంచెవి చేతిలో పెడితే ఎట్లా ఉంటుంది? కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ తర్వాత ఇచ్చినవాడి చెయ్యి ఎవరిదో చూస్తారు. ఆ చెయ్యి మీ మీద చెయ్యి చేసుకున్న మనిషిదే అయితే, ఆ కన్నీళ్లను ఏం చేసుకోవాలి? జెస్సికా ఆ ఇంట్లో ఉన్నంతసేపూ ఈ ముడి విప్పుకోలేక నలుగుతుంది.

సీజన్ మొదటి నుంచీ ఆమెకు ఒక అలవాటు ఉంది. భయం గొంతు దాకా వచ్చినప్పుడు నాలుగు వీధుల పేర్లు వరసగా గొణుక్కుంటుంది, మెయిన్ స్ట్రీట్, బర్చ్ స్ట్రీట్, హిగ్గిన్స్ డ్రైవ్, కోబాల్ట్ లేన్. అవి ఆమె చిన్నప్పటి ఇంటి చుట్టుపక్కల వీధులు. పాత దెబ్బ మనసులో మళ్లీ రేగినప్పుడు తెలిసిన పేర్లను, కంటికి కనబడే వస్తువులను ఒక్కొక్కటిగా తలుచుకుని ఇప్పటికి తిరిగి రావడం నిజంగా కౌన్సెలర్లు నేర్పే పద్ధతే. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగిపోయినవాళ్లు మన పక్కనే ఉన్నారు. వేసవిలో నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడ్డప్పుడు అక్కడికి పోయి, బురద తేలిన నేల మీద నిలబడి, ఇది ఫలానా వాళ్ల వాకిలి, ఇక్కడ రచ్చబండ, ఇట్లా పోతే మా కళ్లం అని వేలు పెట్టి చూపించే ముసలివాళ్లను చూసినవారికి, ఆ నాలుగు వీధుల పేర్లు జెస్సికాకు ఏమిటో వెంటనే అర్థమవుతుంది. ఆమెకు మిగిలిన ఆస్తి అదొక్కటే. కిల్‌గ్రేవ్ సరిగ్గా అక్కడికే పోయి, ఆ నాలుగు వీధుల మధ్య తన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భయం వేస్తే దాక్కునే చోటులోనే భయాన్ని కూర్చోబెట్టాడు. మాట శక్తి కంటే ఇది క్రూరం.

వాడు మాత్రం ఇదంతా ప్రేమ అనే అనుకుంటున్నాడు, అక్కడే టెనెంట్ నటన వెన్నులో వణుకు పుట్టిస్తుంది. ఇల్లు కొనేటప్పుడు ఓనరు మీద శక్తి వాడలేదని, అడిగిన ధర కంటే ఎక్కువే ఇచ్చానని వాడి గొప్ప. నిజమే, అంతకుముందు ఆరో ఎపిసోడ్‌లో ఆ బేరం మనం చూస్తాం. అదే ఎపిసోడ్‌లో ఆ డబ్బు ఎక్కడిదో కూడా చూస్తాం, పేకాట బల్ల దగ్గర ఎదుటివాళ్లను మాటతో ఆడించి ఊడ్చుకున్న సొమ్ము. బలవంతం ఇంటి ఓనరు దాకా రాలేదు, అంతే, ఒక మెట్టు వెనక జరిగిపోయింది.

ఇంట్లోనూ అదే లెక్క. జెస్సికా మీద నా శక్తి వాడను అని మాటిస్తాడు, నిలబెట్టుకుంటాడు కూడా. కానీ వంటాయనకూ పనిమనిషికీ ముందే చెప్పిపెట్టాడు, తనకేమన్నా అయితే ఇద్దరూ ఒకరి ముఖం మీది చర్మం ఒకరు కత్తితో చెక్కేసుకోవాలని. కాబట్టి జెస్సికా కావాలంటే లేచి వెళ్లిపోవచ్చు, తలుపు తీసే ఉంది, గుద్దొచ్చు, విరిచేయొచ్చు. అన్నీ చేయొచ్చు, ఆ ఇద్దరి ముఖాలు పోతే పోనీ అనుకుంటే.

హాస్టల్ గదిలో వచ్చిన ప్రశ్నకు జవాబు ఇది. ఇంకో విషయం తొమ్మిదో ఎపిసోడ్‌లో బయటపడుతుంది. వాడి మాట జెస్సికా మీద పనిచేయడం చాలా రోజుల ముందే ఆగిపోయిందట, ఆమెకే తెలియదు. ఈ సంగతి తెలిశాక ఎనిమిదో ఎపిసోడ్‌ను మళ్లీ చూడాలి. ఆ ఇంట్లో ఆమెను పట్టి ఉంచింది ఒక్క పిసరు కూడా మాయ కాదు. మామూలు మగవాడు, ఏ శక్తీ లేనివాడు చేయగలిగిన పనులే అన్నీ. నువ్వు పోతే వీళ్లకేమవుతుందో చూడు. నేనేమన్నా చేసుకుంటే ఆ పాపం నీదే. మీ నాన్న తల ఎత్తుకుని తిరగగలడా. "యాడికి పోతావే, నీ చెల్లెలికి సంబంధాలు వస్తాయా ఇంక?" ఇవన్నీ ఇద్దరు పనివాళ్ల చేతుల్లో పెట్టిన ఆ కత్తుల్లాంటి మాటలే. ఎవరి మెడ మీద కత్తి పెడితే ఎవరు కదలరో తెలిసినవాడికి వేరే శక్తి అక్కర్లేదు.

ఇక గొడవ సీను. ఐదు నక్షత్రాల హోటళ్లలో ఉంచాను, మంచి మంచి చోట్ల తినిపించాను, ఇందులో అత్యాచారం ఎక్కడుంది అని వాడు నిజంగానే అర్థంకాక అడుగుతాడు. నాకు వాటిలో ఏ ఒక్కటీ ఇష్టం లేదు, అదే అత్యాచారం అని ఆమె తిప్పికొడుతుంది. ఆ పదాన్ని తడుముకోకుండా, దానికి ఇంకో మెత్తని పేరు పెట్టకుండా పలుకుతుంది. ఆ సీజన్‌లో అత్యాచారాన్ని తెర మీద ఎక్కడా చూపించలేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. మన సినిమాల్లో ఏళ్ల తరబడి చీర లాగడం, గాజులు పగలడం, ఉరుములు మెరుపులు అన్నీ చూపించి ఆ తర్వాతి బతుకును మాత్రం ఒక్క సీనులో ముగించేసేవాళ్లు. ఇక్కడ పూర్తిగా తిరగేశారు. జరిగింది చూపించకుండా, ఆ తర్వాత నిద్ర పట్టని రాత్రులు, సీసా సీసా విస్కీ, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడటం, వీధుల పేర్లు గొణుక్కోవడం, ఇవే 13 ఎపిసోడ్ల నిండా.

వాడు ఇంకో మాట కూడా అంటాడు. ఎదుటివాళ్లు ఇష్టపడి చేస్తున్నారో, నేను చెప్పాను కాబట్టి చేస్తున్నారో నాకెట్లా తెలుస్తుంది అని. ఇది విని జాలిపడేవాళ్లు ఉన్నారు. కానీ తెలియనివాడు అడగాలి. వాడు ఏనాడూ ఆగి అడగలేదు, ఎందుకంటే అడిగితే కాదన్న జవాబు వచ్చే వీలుంది.

సమ్మతి విషయంలో మన చట్టం ఎప్పుడో స్పష్టంగానే ఉంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. భయం వల్లనో, విషయాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం వల్లనో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదని, అది ఎదుటివాడికీ తెలుసుంటే చెల్లదని 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి 90వ సెక్షన్‌లోనే రాసి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 28వ సెక్షన్. పుస్తకంలో ఉండటం వేరు, కోర్టులో నిలబడటం వేరు. మథుర కేసు అని పేరుపడ్డ కేసులో, 1972లో మహారాష్ట్రలో పోలీసు స్టేషన్‌లోనే ఒక ఆదివాసీ అమ్మాయి మీద అఘాయిత్యం జరిగితే, ఒంటి మీద గాయాలు లేవు, అరవలేదు, కాబట్టి ఇష్టం లేదని చెప్పలేం అన్న ధోరణిలో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. తలొగ్గడానికీ ఒప్పుకోవడానికీ తేడా లేదా అని ఉపేంద్ర బక్షీ, లోతికా సర్కార్, వసుధా ధాగంవార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు. దేశమంతా ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో చట్టం మారింది. 2013 సవరణలో ఇంకో ముందడుగు పడింది: ఒళ్లు అడ్డుపెట్టి ఎదిరించలేదు అన్న ఒక్క కారణంతో ఆమె ఒప్పుకున్నట్టు లెక్క కాదని ఆ సవరణ చెప్పింది. ఇప్పుడు అది న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఉంది.

ఇప్పుడు పదో ఎపిసోడ్‌కు పోతే, కిల్‌గ్రేవ్ సరిగ్గా ఆ పాత కోర్టు వాదననే ఎత్తుకుంటాడు. ఒకసారి నా మాట ప్రభావం అయిపోయింది, మళ్లీ నేను నోరు తెరిచేదాకా 18 సెకన్లు నువ్వు స్వేచ్ఛగా ఉన్నావు, అయినా పోలేదు, అంటే నీకూ ఇష్టమే అంటాడు. వాడి జ్ఞాపకంలో పసుపు గౌనులో ఆమె తన దగ్గరికి ప్రేమగా వచ్చింది. అప్పుడు జెస్సికా ఆ 18 సెకన్లూ తన వైపు నుంచి చెబుతుంది. డాబా అంచున నిలబడింది. బుద్ధి తన చేతికి తిరిగి వచ్చిందని నమ్మకం కుదరడానికే కొంత సమయం పోయింది. ఎట్లా దూకాలో చూసుకుంటోంది, ఈలోపే వాడు పిలిచాడు. నా మాట వినకపోతే ఆ చెవులెందుకు, కోసేసుకో అన్నాడు. ఆమె కత్తి అందుకుంది. చెవి వెనక జుట్టు పక్కకు జరిపి ఆ మచ్చ చూపిస్తుంది.

ఆ మచ్చ దగ్గర కెమెరా ఆగే తీరు చూడండి. ఎదుటివాడి కథలో ప్రేమగా మిగిలిపోయిన 18 సెకన్లు ఆమె ఒంటి మీద ఒక గీతగా ఉన్నాయి, జుట్టు కింద, ఎవరూ చూడని చోట. డిటెక్టివ్ కథల్లో చివర్లో ఒక సాక్ష్యం బయటికి తీసి బల్ల మీద పెడతారు చూడండి, ఇక్కడ ఆ పని ఆమె ఒళ్లే చేసింది.

ఎనిమిదో ఎపిసోడ్‌లో పక్కింటావిడ గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. మిసెస్ డి లూకా అని, పాత పొరుగు. జెస్సికాను చూడగానే వచ్చి, ఆ ప్రమాదం రోజు పొద్దున్నే నాకేదో కీడు శంకించింది, మీ ఇంట్లో గొడవలు జరిగేవి కదా అని మొదలుపెడుతుంది. కిల్‌గ్రేవ్ తన శక్తితో ఆమె చేత నిజం చెప్పిస్తాడు: ఏమీ శంకించలేదు, నలుగురిలో తనకో విలువ ఉండాలని చెప్పుకుంది. మన వీధుల్లోనూ ఇట్లాంటి ఆవిడ ఉంటుంది, కొన్నిసార్లు ఆయన. ఎవరింట్లోనో కష్టం జరిగితే "నేను ఆ పొద్దే అనుకున్న్యా" అని అరుగు మీద కూర్చుని చెప్పేవాళ్లు. వాళ్ల నోరు మూయించినందుకు చూసేవాళ్లకు హాయిగా ఉంటుంది, జెస్సికాకు కూడా కొంచెం ఉంటుంది, అదే అక్కడి ఉచ్చు. వాడు ఆమె తరఫున నిలబడ్డాడు అనిపిస్తుంది. ఆ హాయి ఎంత ఖరీదైనదో అదే ఎపిసోడ్ చివర్లో తెలుస్తుంది, ఆ ముసలావిడ బాంబు పట్టుకుని పేలిపోతుంది, వాడి మాట మీదే.

తల్లిదండ్రులు చిన్నప్పుడు నా మీద ప్రయోగాలు చేశారు అని వాడు వీడియో చూపించేది కూడా ఈ ఎపిసోడ్‌లోనే. చిన్న పిల్లాడు, సూదులు, ఏడుపు. జాలి కలుగుతుంది, కలగాలి కూడా. తర్వాత తల్లిదండ్రులు కనబడి, ప్రాణం తీసే మెదడు జబ్బు నుంచి వాణ్ని కాపాడటానికే చేశామని చెబుతారు. ఎవరు చెప్పింది ఎంత నిజమన్నది సిరీస్ పూర్తిగా తేల్చదు, తేల్చకపోవడమే నయం. వాడికి జరిగింది నిజమైనా, హోప్ అనే అమ్మాయి చేత సొంత తల్లిదండ్రులను లిఫ్టులో కాల్పించింది వాడే.

ఈ ఎపిసోడ్‌లో అసలు బరువు మాత్రం వేరే చోట ఉంది. జెస్సికాకు ఒక ఆలోచన వస్తుంది. వీడి శక్తిని మంచికి వాడితే? ఒకచోట ఒకడు తుపాకీ పట్టుకుని కుటుంబాన్ని బందీ చేస్తే, కిల్‌గ్రేవ్‌ను అక్కడికి తీసుకెళుతుంది. రెండు మాటల్లో బందీలు బయటికొస్తారు. ఆ తుపాకీవాణ్ని అక్కడే కాల్చుకుని చావమని వాడు చెప్పబోతే ఆమె ఆపి, పోలీసులకు లొంగిపొమ్మని చెప్పిస్తుంది. వాడు కొత్తగా సైకిల్ నేర్చుకున్న పిల్లాడిలా మురిసిపోతాడు. నువ్వు పక్కనుంటే చాలు, నేను మంచివాణ్ని అవుతా అంటాడు. జెస్సికా పోయి ట్రిష్‌ను అడుగుతుంది, ట్రిష్ ఆమెకు అక్కాచెల్లెలు లాంటిది, కలిసి పెరిగారు. నేను జీవితాంతం వాడి దగ్గర ఉండిపోతే ఎన్ని ప్రాణాలు నిలబడతాయో లెక్కేసుకుంటూ అడుగుతుంది. తమాషాకు కాదు, నిజంగానే.

ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు. పిల్లలు పుడితే బాధ్యత తెలుస్తుంది. నువ్వే కొంచెం సర్దుకుపో తల్లీ, మగవాడు, కోపం ఉంటుంది, లోపల మంచోడే. పుట్టింటికి వచ్చిన కూతురితో రాత్రి అన్నం పెట్టేటప్పుడు తల్లి చెప్పే మాటలు ఇవి, పొద్దున్నే బస్సెక్కించేటప్పుడు తండ్రి చెప్పకుండా చెప్పేవీ ఇవే. చెడ్డవాళ్లని అనలేం, చాలాసార్లు వాళ్లకూ వేరే దారి కనబడదు. కానీ ఆ లెక్కలో ఒక మనిషిని మరో మనిషికి కళ్లెంగా వాడుతున్నారు. వాడు బాగుపడితే అది ఆమె ఓర్పు గొప్పతనం, బాగుపడకపోతే ఆమె ఓర్పు చాలలేదు. ఈ ఎపిసోడ్‌లో నచ్చేది ఏమిటంటే, ఈ ఆలోచనను పిచ్చిదని కొట్టిపారేయకుండా, అది ఎంత సహజంగా, ఎంత మంచితనం నుంచి పుడుతుందో ముందు చూపించారు. బలమున్న ఆడమనిషి, అన్నీ తెలిసిన డిటెక్టివ్, ఆమెకే ఆ ఆలోచన వచ్చింది.

ట్రిష్ దగ్గర నుంచి జెస్సికా తిరిగి ఆ ఇంటికే వస్తుంది. వాడి ముఖం వెలిగిపోతుంది, వచ్చేసింది, ఉండిపోతుంది అనుకుంటాడు. ఆమె చేతిలో బయటి నుంచి తెచ్చిన భోజనం పొట్లాలు. అందరం కలిసి తిందాం అన్నట్టు పనివాళ్లిద్దరికీ కూడా పెడుతుంది. వాడు ఉప్పొంగిపోయి మాట్లాడుతూనే ఉంటాడు. వంటాయనా పనిమనిషీ మాత్రం ముద్ద నోట్లో పెట్టుకున్న కాసేపటికే కూర్చున్నచోటే తల వాల్చేస్తారు. తిండిలో మత్తుమందు కలిపింది. ఆ ఇద్దరి చేతులు కత్తుల దాకా పోలేవని తేలాకే, అప్పుడు, ఆమె వాడి వైపు తిరుగుతుంది.